తోకల కాటా

నేను వెంట్రుకల వ్యాపారిని.
నవ్వకండి. ఉల్గీ సంతలో మా కొట్టుకి
ఒక పక్క ఉన్నివాళ్ళు, ఒక పక్క బూటుమేకులవాళ్ళు.
నల్లవాటికి ఒక ధర, తెల్లవాటికి ఒక ధర,
మూర దాటితే ఇంకో ధర.
పొట్టివి బ్రష్షులకి. పొడుగువి
నేనెన్నడూ చూడని ఊళ్ళలో ఫిడేలు కమానులకి.
మగ గుర్రం తోకో ఆడ గుర్రం తోకో
చీకట్లోనైనా వేళ్ళతో చెప్తాను.
పాట మాత్రం పట్టుబడదు.
మా అమ్మ అనేది,
వీడి చెవులు టోపీ ఆనడానికేనని.

ఆ ఏడు వాన కురిసి, దాని మీద మంచు కురిసి,
అంతా బిగుసుకుని గాజైపోయింది.
గడ్డి కిందే ఉండిపోయింది
అద్దంలో అన్నంలా.
గుర్రాలు గిట్టలు నెత్తురయ్యేదాకా గీరాయి.
తర్వాత గీరడం మానేశాయి.

వసంతానికి నా కొట్టు నిండింది.
పుట్టి బుద్ధెరిగాక అంత సరుకు చూడలేదు.
అప్పులు తీర్చాను. కొత్త పొయ్యి కొన్నాను.
చాలా రోజులు
ఆ పొయ్యి దగ్గర కూర్చోలేకపోయాను.

మే నెలలో కున్‌సులు ఆప వచ్చింది
ఒంటెబొచ్చు శాలువాలో ఏదో పసిబిడ్డలా చుట్టుకుని.
విప్పితే తోక. బూడిద రంగు, మొదట్లో తెలుపు.
అలవాటుకొద్దీ కాటా మీద పెట్టబోయాను.
చేతి మీద ఒక్కటేసింది.
"అమ్మడానికి కాదురా. మోగించడానికి."

వాళ్ళ తాత కోబిజ్ వాయించేవాడట
జ్వరం పట్టినవాళ్ళ తల దగ్గర,
కాన్పు కష్టమైన గుడారం బయట, తెల్లారేదాకా.
ఒక చలికాలం
టోపీల మీద నక్షత్రాలున్న మనుషులొచ్చారు.
కోబిజ్ పొయ్యిలోకి వెళ్ళింది. తాత ట్రక్కులోకి.
కమాను మిగిలింది.
వాళ్ళు గుమ్మం దాటేలోపే
అమ్మమ్మ దానికి జున్నుముక్కలు గుచ్చి ఆరవేసింది.
డెబ్బై ఏళ్ళుగా దాని మీద జున్నే ఆరుతోంది.

ఇమామ్ గారు మంచివాడు, మెత్తగానే చెప్పాడట:
శోకాలు మనుషులకమ్మా, గుర్రాలకి కాదు.
ఆవిడ తలూపి, ఆయనకి ఉప్పు టీ పోసి,
ఆయన తాగి వెళ్ళాక ఇటు వచ్చింది.

ఖొవ్ద్ నది దాటి చుల్తెం దగ్గరికి తీసుకెళ్ళాను.
ఉరియాన్‌హాయ్ మనిషి. బుద్ధుడి ముందు వెన్నదీపం,
పక్కనే నైలాన్ తీగల చుట్ట.
"కోబిజ్ నాకు రాదు తల్లీ.
నా వాయిద్యానికి పైన గుర్రం తల ఉంటుంది."
"మాదాని తల నక్కలు పట్టుకుపోయాయి. ఉండనీ."
"మగతీగకి నూట ముప్పై వెంట్రుకలు,
ఆడతీగకి నూట అయిదు, అదీ ఆడగుర్రానివే..."
"ఇది ఆడా కాదు మగా కాదు నాయనా, బరువులు మోసింది.
రెండు తీగలూ ఇదే మోస్తుంది."

లెక్కపెట్టింది నేనే.
కిలోలు తప్ప ఎరగని వేళ్ళు
నూట పన్నెండు దగ్గర తప్పాయి. మళ్ళీ మొదటికి.

చుల్తెం ఆ కమానుకి కొత్త వెంట్రుకలు కట్టి,
చెట్టుజిగురు రాసి,
జున్ను వాసనకి ఒకసారి తుమ్మి,
లాగాడు.

మూడడుగులు సరిగ్గా పడ్డాయి.
నాలుగోది తడబడింది.
మళ్ళీ మూడు. మళ్ళీ తడబాటు.
చుల్తెం ఆపేశాడు, సిగ్గుపడ్డాడు:
"తీగ ఒకచోట లావైంది. విప్పి కడతాను."

"ముట్టుకోకు," అంది ఆప.
"వెనక ఎడమకాలు.
రాయి గుచ్చుకున్న ఏడాది నుంచీ అంతే."

శాలువా నెత్తి మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది.
ఇక ఆవిడ పాడిందో, ఏడ్చిందో
నా చెవులకి తేడా తెలియలేదు.

మర్నాడు సరుకు ట్రక్కు వచ్చింది.
కాటా వేశాను, చీటీ రాశాను, డబ్బు లెక్కపెట్టుకున్నాను.
ఒక తోక వెనక్కి తీసి
మేకుకి తగిలించాను.
ఎవరి గుర్రానిదో తెలియదు.
తెల్లదీ కాదు. పొడుగూ లేదు.
బ్రష్షులకి పోవలసింది.